లెవోథైరాక్సిన్ నుంచి సహజ థైరాయిడ్ మాత్రకు మారడం ఎలా

సహజ థైరాయిడ్ మాత్రల సీసా మూత తీయగానే ఒక వాసన వస్తుంది. థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లకి మామూలుగా ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్రని ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లకి ఇది కొత్త, ఎందుకంటే ఆ మాత్రకి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. ఇది పంది థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి, పొడి చేసి, హార్మోన్ పాళ్లు సరిచూసి నొక్కిన మాత్ర. శాకాహారులు, పంది మాంసం ముట్టనివాళ్లు ఈ సంగతి మందు ఇంటికి తెచ్చుకున్నాక తెలుసుకుని బాధపడటం చూశాను. అందుకే మొదటే చెప్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. 11 ఏళ్లు లెవోథైరాక్సిన్ వాడి, డాక్టర్ చూస్తుండగా మారినదాన్ని. కాబట్టి ఇది చదివి రేపు పొద్దున మాత్ర మార్చేయకండి. చదివి, కాగితం మీద ప్రశ్నలు రాసుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ముందుగా: 'సహజం' అన్న మాటని పక్కన పెట్టండి

లెవోథైరాక్సిన్ ఫ్యాక్టరీలో తయారైనదే. కానీ ఆ అణువు మీ థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 అనే హార్మోన్ అణువే, తేడా ఏమీ లేదు. పంది గ్రంథిలో ఉన్నది కూడా అదే టీ4. అసలు తేడా మరోచోట ఉంది. ఎండు గ్రంథి మాత్రలో టీ4తో పాటు టీ3 అనే రెండో థైరాయిడ్ హార్మోన్ కూడా ఉంటుంది. 60 మిల్లీగ్రాముల మాత్రలో, అంటే పాత కొలతలో ఒక గ్రెయిన్‌లో, సుమారు 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి.

శరీరంలో నిజంగా పనిచేసేది టీ3. టీ4 ఒక రకంగా నిల్వ సరుకు. కాలేయం, మూత్రపిండాలు, ఇంకా చాలా కణాలు దాన్ని అవసరమైనప్పుడు టీ3గా మార్చుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోజువారీ టీ3లో దాదాపు 80 శాతం ఇలా మారి వచ్చేదే. గ్రంథి నేరుగా వదిలేది తక్కువ. మనిషి గ్రంథి వదిలే టీ4, టీ3ల నిష్పత్తి సుమారు 14కి 1. పంది మాత్రలో అది సుమారు 4కి 1. అంటే ఈ మాత్రతో మీకు ప్రకృతి ఇచ్చే దానికన్నా ఎక్కువ టీ3 ఒక్కసారిగా అందుతుంది. మారిన తర్వాత ఎదురయ్యే మంచీ చెడూ చాలావరకు ఈ టీ3 వల్లే. కింద చెప్పే జాగ్రత్తలన్నీ కూడా దాని గురించే.

ఈ మందు కొత్తదేమీ కాదు. 1891లో జార్జ్ మర్రే అనే ఇంగ్లిష్ వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక రోగికి ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. లెవోథైరాక్సిన్ వాడుకలోకి వచ్చేదాకా అందరూ ఎండు గ్రంథినే మింగారు.

ఎందుకు మారాలనుకుంటున్నారో రాసుకోండి

"టీఎస్‌హెచ్ నార్మల్ అంటున్నారు, నాకు మాత్రం బాగోలేదు." ఎక్కువమంది మాట ఇదే. నాదీ ఇదే. (టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే అది పెరుగుతుంది, ఎక్కువైతే దిగుతుంది.) కానీ నీరసం, జుట్టు ఊడటం, మెదడు మొద్దుబారినట్టు ఉండటం, బరువు తగ్గకపోవడం థైరాయిడ్ ఒక్కదాని వల్లే రావు. మాత్ర మార్చే ముందు ఈ పరీక్షలు చేయించండి: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, షుగర్. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగేవాళ్లయితే దాని సంగతీ చూపించుకోండి. మనసు బాగోకపోవడం కూడా నీరసంగానే కనిపిస్తుంది.

ఆ తర్వాత నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న: పాత మాత్రని సరిగ్గా వేసుకుంటున్నారా? పరగడుపున వేసుకుని, పది నిమిషాల్లో కాఫీ తాగేస్తున్నారా? ఐరన్, కాల్షియం మాత్రలు వెంటనే మింగుతున్నారా? వీటికీ థైరాయిడ్ మాత్రకీ మధ్య 4 గంటల ఎడం ఉండాలి. ఎసిడిటీకి రోజూ మందు వాడుతున్నా టీ4 సరిగ్గా ఒంటికి పట్టకపోవచ్చు. నా విషయంలో కాల్షియం మాత్ర టిఫిన్‌తో పాటు వెళ్లిపోయేది. దాన్ని రాత్రికి మార్చాక టీఎస్‌హెచ్ దానంతట అదే దిగింది. ఇంత చిన్న సంగతి 3 ఏళ్లుగా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇవన్నీ సరిచేశాక, టీఎస్‌హెచ్ రెండు మూడు పరీక్షల్లో నిలకడగా ఉన్నాక కూడా లక్షణాలు ఉంటే, అప్పుడు టీ3 గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. అలాంటప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఎండు గ్రంథి. రెండోది లెవోథైరాక్సిన్ కొంచెం తగ్గించి, విడిగా లయోథైరొనిన్ అనే సింథటిక్ టీ3 కలుపుకోవడం. రెండో దారిలో పాళ్లు మీ డాక్టర్ చేతిలో ఉంటాయి. మొదటిదాంట్లో పంది నిర్ణయించిన పాళ్లే. నేను మారాలనుకున్నప్పుడు ఈ రెండో దారి గురించి ఎవరైనా చెప్పి ఉంటే ముందు అదే ప్రయత్నించేదాన్నేమో.

ఫలితం ఎంత ఆశించాలి

2013లో అమెరికన్ సైనిక వైద్యులు 70 మందితో ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్కరూ 16 వారాలు ఒక మందు, 16 వారాలు రెండో మందు వాడారు. ఏది ఏదో వాళ్లకి తెలియదు. లక్షణాల్లో, జ్ఞాపకశక్తి పరీక్షల్లో మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. ఎండు గ్రంథి వాడినప్పుడు బరువు సగటున కిలోన్నర లోపే తగ్గింది. కానీ చివర్లో ఏది కావాలని అడిగితే దాదాపు సగంమంది ఎండు గ్రంథినే ఎంచుకున్నారు. లెవోథైరాక్సిన్ కావాలన్నవాళ్లు దాదాపు 19 శాతం. మిగతావాళ్లు ఏదైనా ఒకటే అన్నారు.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: కొందరికి నిజంగా తేడా తెలుస్తుంది, అందరికీ కాదు. పది కిలోలు తగ్గాలని మారేవాళ్లు నిరాశపడతారు.

మారకూడనివాళ్లు

గర్భవతులు, త్వరలో బిడ్డ కావాలనుకునేవాళ్లు మారకండి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు పెరుగుదలకి తల్లి టీ4 కావాలి. ఎండు గ్రంథి వాడేవాళ్లలో టీ4 తక్కువగా ఉంటుంది. టీ3 ఎంత ఉన్నా ఆ లోటు పూడదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలు కూడా గర్భంలో లెవోథైరాక్సినే వాడమంటాయి. ఇప్పటికే ఎండు గ్రంథి మీద ఉండి గర్భం నిలిచిందని తెలిస్తే అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకుండా ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

గుండె జబ్బు, గుండె లయ తప్పడం, ఎముకలు బాగా పలచబడటం ఉన్నవాళ్లూ దూరంగా ఉండటమే మంచిది. వయసు పైబడినవాళ్ల సంగతీ అంతే. థైరాయిడ్ క్యాన్సర్ తర్వాత మందు వాడేవాళ్లకి టీఎస్‌హెచ్ లక్ష్యం వేరుగా ఉంటుంది, అది స్పెషలిస్ట్ తేల్చాలి. అడ్రినల్ గ్రంథుల లోపం ఉండి చికిత్స తీసుకోనివాళ్లకి ఏ థైరాయిడ్ మందు పెంచినా ప్రమాదమే. రక్తం పలచబడటానికి వార్‌ఫరిన్ వాడేవాళ్లు థైరాయిడ్ డోసు మారినప్పుడల్లా ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) చూపించుకోవాలి. షుగర్ మందుల డోసు కూడా మారవచ్చు.

డాక్టర్‌తో మాట్లాడటం

హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టులు చాలామంది ఈ మందు రాయడానికి ఇష్టపడరు. వాళ్ల అభ్యంతరం ఊరికే కాదు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ బలం మారడం నిజంగా జరిగింది. 2020లో అమెరికాలో ఒక బ్రాండ్ మాత్రలని వెనక్కి పిలిచారు. వాటిలో టీ3 లేబుల్ మీద రాసినదానిలో 115 శాతం దాకా ఉండవచ్చని తేలింది. ఈ మందులకి అమెరికాలో మందులని ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఎప్పుడూ లేదు. పాత మందు కావడం వల్ల అమ్మకం సాగుతూ వచ్చింది. 2025 ఆగస్టులో ఆమోదం లేని ఈ మందుల గురించి ఎఫ్‌డీఏ తయారీదారులకి లేఖలు రాసింది. అందువల్ల మీరున్న చోట ఈ మందు చట్టబద్ధంగా దొరుకుతుందా, ఏడాది పొడవునా దొరుకుతుందా అన్నది మొదలుపెట్టకముందే కనుక్కోండి. రెండు నెలలు వాడి, సరుకు లేదంటే మళ్లీ మొదటికొస్తారు.

ఆన్‌లైన్‌లో ప్రిస్క్రిప్షన్ లేకుండా వచ్చే 'గ్లాండ్యులర్' సప్లిమెంట్లు వేరే సరుకు. వాటిలో హార్మోన్ ఎంతుందో, అసలు ఉందో లేదో లేబుల్ చూసి చెప్పలేం. వాటి జోలికి పోకండి.

డాక్టర్ దగ్గర వాదించొద్దు. "మూడు నెలలు ప్రయత్నిస్తాను, ఇవి నా లక్షణాలు, ఇవి నా రిపోర్టులు, కుదరకపోతే పాత మందుకే వస్తాను" అనండి. ఇలా అడిగితే ఒప్పుకునే డాక్టర్లు ఎక్కువ. నేను వెళ్లిన మొదటి డాక్టర్ అయితే మాట పూర్తికాకముందే తల అడ్డంగా ఊపేశారు. రెండో ఆవిడ కాగితం తీసుకుని తేదీలు అడిగారు.

డోసు లెక్క

ఇక్కడే గందరగోళం. ఒక పట్టికలో 60 మిల్లీగ్రాముల ఎండు గ్రంథి 100 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్‌కి సమానం అని ఉంటుంది. ఇంకో పట్టికలో 88 అని ఉంటుంది. మీరే కూర్చుని లెక్క వేస్తే మరీ తక్కువ వస్తుంది. టీ3 బలం టీ4కి సుమారు 3 నుంచి 4 రెట్లు అనుకుందాం. 9ని 3తో గుణిస్తే 27, దానికి 38 కలిపితే 65. 4 రెట్లు అనుకున్నా 74 దాటదు. టీ3 పేగుల్లో దాదాపు పూర్తిగా ఇంకుతుంది, టీ4 మాత్రం 70, 80 శాతమే ఇంకుతుంది. తేడాలో కొంత అందువల్ల. మిగతా తేడా మనిషిని బట్టి ఉంటుంది.

కాబట్టి పట్టిక చెప్పేది ఊహ మాత్రమే. 100 మైక్రోగ్రాములు వాడేవాళ్లకి చాలామంది డాక్టర్లు 60 మిల్లీగ్రాములతో, జాగ్రత్తపరులైతే 45తో మొదలుపెడతారు. 50 వాడేవాళ్లకి 30. పెద్ద డోసు వాళ్లకి పట్టిక కన్నా కాస్త తగ్గించి మొదలుపెట్టడం మేలు. తక్కువతో మొదలుపెట్టి పెంచుకోవడం వల్ల కొన్ని వారాలు నీరసం ఉంటుంది, అంతే. ఎక్కువతో మొదలుపెడితే ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి రావచ్చు.

తక్కువతో మొదలుపెట్టడానికి ఇంకో కారణం ఉంది. టీ4 అర్ధాయువు సుమారు 7 రోజులు. ఈరోజు లెవోథైరాక్సిన్ ఆపినా, వారం తర్వాత సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఆ పాత నిల్వ మీద కొత్త టీ3 వచ్చి కూర్చుంటుంది. మొదటి రెండు వారాల్లో దడ ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

మారే రోజు

మధ్యలో ఖాళీ రోజులు అక్కర్లేదు. డాక్టర్ వేరేలా చెప్పకపోతే నిన్న పాత మాత్ర, ఈరోజు కొత్త మాత్ర. రెండూ కలిపి వేసుకోకండి. నేను పాత సీసాని అలమారాలో వేరే అరలోకి మార్చాను. నిద్ర కళ్లతో చెయ్యి అలవాటు కొద్దీ పాత చోటికే పోతుంది.

పరగడుపున, నీళ్లతో, తినడానికి కనీసం అరగంట ముందు, వీలైతే గంట ముందు. టీ3 వేసుకున్న 2 నుంచి 4 గంటల్లో రక్తంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత దిగుతుంది. దాని అర్ధాయువు ఒక రోజు లోపే ఉంటుంది. అందుకే చాలామందికి డోసుని రెండుగా విడగొట్టి, సగం పొద్దున, సగం మధ్యాహ్నం ఇస్తారు. మధ్యాహ్నం డోసు తిన్న 3 గంటల తర్వాత, లేదా తినడానికి గంట ముందు. సాయంత్రం దాటాక వేసుకుంటే నిద్ర పట్టదు.

మాత్రని విరగ్గొట్టడానికి చాకు వాడకండి. ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది, పొడి కింద రాలిపోతుంది. మెడికల్ షాపులో దొరికే పిల్ కట్టర్ కొనుక్కోండి. లేదా 30 మిల్లీగ్రాముల మాత్రలే రాయించుకుంటే విరగ్గొట్టే పని ఉండదు.

మొదటి 6 వారాలు: నోట్‌బుక్

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పొద్దున మంచం దిగకముందే మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. మాత్ర వేసుకున్న 3 గంటలకి మళ్లీ లెక్కపెట్టండి. మారడానికి వారం ముందు నుంచే మొదలుపెడితే మీ మామూలు ఎంతో తెలుస్తుంది. నాకు మామూలుగా 68 ఉండేది. మారాక మూడో రోజు మధ్యాహ్నం 92. కూర్చుని ఉండగానే గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టు అనిపించింది. ఫోన్ చేస్తే డాక్టర్ డోసుని రెండుగా చేయమన్నారు. వారంలో అది 76కి దిగింది.

నాడితో పాటు నిద్ర ఎన్ని గంటలు, చేతులు వణుకుతున్నాయా, చెమటలు, విరేచనాలు, చిరాకు ఎలా ఉన్నాయో రెండు ముక్కల్లో రాయండి. బరువు వారానికొకసారి చాలు. రోజూ చూసుకుంటే టెన్షనే తప్ప ఉపయోగం లేదు.

కూర్చుని ఉన్నప్పుడు కూడా నాడి 100 దాటి ఉంటే, కొట్టుకోవడంలో లయ తప్పితే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి. గుండెల్లో నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి వస్తే ఫోన్ కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి.

మొదటి పది రోజుల్లో ఒంట్లోకి కొత్త హుషారు వచ్చినట్టు ఉంటుంది కొందరికి. దాన్ని నమ్మకండి. పాత టీ4, కొత్త టీ3 రెండూ కలిసి ఆడుతున్న ఆట అది. నాలుగో వారంలో మళ్లీ కాస్త డీలా పడితే మందు పనిచేయట్లేదని తొందరపడి పెంచుకోకండి.

రక్తపరీక్ష

డోసు మారిన 6 వారాలకి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 (రక్తంలో ప్రొటీన్లకి అంటుకోకుండా విడిగా తిరిగే టీ4, టీ3) మూడూ చేయించండి. ఉత్త టీఎస్‌హెచ్ చాలదు. పొద్దున, ప్రతిసారీ దాదాపు అదే వేళకి, ఆ రోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వండి.

ఈ ఆఖరి మాట నేను కష్టపడి నేర్చుకున్నది. మొదటి పరీక్షకి అలవాటుగా 5 గంటలకి మాత్ర వేసుకుని, 8 గంటలకి ల్యాబ్‌కి వెళ్లాను. ఫ్రీ టీ3 ఎక్కువగా వచ్చింది. డాక్టర్ డోసు తగ్గించబోయి, పెన్ ఆపి, "మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు?" అని అడిగారు. వారం తర్వాత మాత్ర వేసుకోకుండా మళ్లీ ఇస్తే అది నార్మల్‌లోనే ఉంది.

జుట్టుకీ గోళ్లకీ అని బయోటిన్ వాడుతుంటే పరీక్షకి కనీసం 2 రోజుల ముందు ఆపండి. చాలా ల్యాబ్ పద్ధతుల్లో అది అంకెలని తారుమారు చేస్తుంది.

రిపోర్ట్ చూసేటప్పుడు ఫ్రీ టీ4 నార్మల్ అడుగున, ఒక్కోసారి దాని కింద ఉంటే కంగారుపడకండి. టీ3 బయటి నుంచి వస్తున్నప్పుడు అది దిగడం మామూలే. చూడాల్సింది టీఎస్‌హెచ్. అది పాతాళానికి దిగిపోయి ఉంటే, మీకు హాయిగా అనిపిస్తున్నా సరే, డోసు ఎక్కువైనట్టే. ఏళ్ల తరబడి అలా ఉంటే గుండె లయ తప్పే, ఎముకలు గుల్లబారే ప్రమాదం పెరుగుతుంది. 'టీఎస్‌హెచ్‌ని పట్టించుకోవద్దు, ఒంటికి ఎలా ఉందో అదే చూసుకోండి' అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. విరిగిన తుంటి ఎముకకి వాళ్లు బాధ్యత వహించరు.

పెంచడం, తగ్గించడం

పెంచాల్సి వస్తే 15 మిల్లీగ్రాముల చొప్పునే. ప్రతి మార్పు తర్వాతా మళ్లీ 6 వారాలు, మళ్లీ పరీక్ష. సరైన డోసు దొరకడానికి సాధారణంగా ఒకటి కన్నా ఎక్కువ సర్దుబాట్లే పడతాయి. కుదిరాక ఆరు నెలలకి, ఆపైన ఏడాదికోసారి పరీక్ష. బ్రాండ్ మారినా, కొత్త బ్యాచ్ మొదలుపెట్టాక ఒంట్లో తేడాగా ఉన్నా ఏడాది దాకా ఆగక్కర్లేదు. సీసా మీద బ్యాచ్ నంబర్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, వెనక్కి పిలిచే వార్త వస్తే వెంటనే సరిచూసుకోవచ్చు.

కుదరకపోతే

మూడు నాలుగు నెలల తర్వాత నోట్‌బుక్‌లో మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపించకపోతే, లేదా దడ, నిద్రలేమి తగ్గకపోతే వెనక్కి వెళ్లండి. అందులో ఓటమి ఏమీ లేదు. మారడానికి ముందు మీరు వాడిన లెవోథైరాక్సిన్ బ్రాండ్, డోసు, ఆఖరి టీఎస్‌హెచ్ నోట్‌బుక్ అట్ట లోపలే రాసి పెట్టుకుని ఉంటే డాక్టర్‌కి పని తేలిక. తిరిగి మారేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. టీ3 కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది, టీ4 నిల్వ నిండడానికి మాత్రం 5, 6 వారాలు పడుతుంది. ఆ మధ్యలో కొన్నాళ్లు నీరసంగా ఉంటుంది. ఆ రోజుల్లో ముఖ్యమైన ప్రయాణాలు, పరీక్షలు పెట్టుకోకండి, రక్తపరీక్ష 6 వారాలు నిండాకే చేయించండి.